మాన్యువల్‌లో రాయని మాట

2047 జూన్ 3, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. ఉష్ణోగ్రత ముప్పై మూడు డిగ్రీలు, గాలిలో తేమ ఎనభై ఒక్క శాతం, నైరుతి నుంచి ఓ మోస్తరు గాలి. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. ఈ అంకెలు మా ప్రయోగశాల డాబా మీది పరికరం నమోదు చేసినవి. నాకు స్వయంగా గుర్తున్నది ఇంతే: విశాఖ చేపల రేవు నుంచి మైలపల్లి నూకరత్నం ఒక్కతే వచ్చింది, చేతిలో మూత బిగించిన స్టీలు డబ్బా ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు.

డబ్బాలో బియ్యం, బియ్యంలో ఆమె భర్త ఎర్రయ్య గొంతుపెట్టె, మాట పడిపోయాక అతని బదులు పలికిన యంత్రం. సముద్రపు చెమ్మ తగలకుండా ఆ వాడలో ఫోన్లను కూడా అలాగే బియ్యంలో దాస్తారు. ఎర్రయ్య చనిపోయాడు, ముందురోజే పదకొండో దినం జరిగింది. ఆమె పెట్టెను బయటికి తీసి, అంటుకున్న గింజలను కొంగుతో తుడిచి, నా బల్ల మీద పెట్టి ఆన్ చేసింది. తరవాత ఇంట్లో మనిషిని అడిగినట్టే మామూలుగా అడిగింది.

"టీ పెట్టమన్నావా?"

"పెట్టు. పంచదార తగ్గించు" అంది పెట్టె, ఎర్రయ్య గొంతుతో.

నూకరత్నం నా వైపు చూసింది.

"పొద్దున్న అలవాటు కొద్దీ ఆన్ సేసి అడిగినాను మేడమ్. మనిసి పోయాక కూడా ఇది మాటాడతంది. మరి అంతకు ముందు మాటాడినది ఎవులు?"

ఆమె మళ్లీ అడిగింది. ఈసారి ఆమె నిజంగా అడగడానికి వచ్చిన ప్రశ్న.

"ఆపరేసనుకి ఆయన కానీండి అన్నాడని సెప్పితేనే నాను సంతకం పెట్టినాను. ఆ ముక్క ఆయన అన్నాడా, ఇది అన్నాదా? నాకు అదొక్కటీ తేల్చి సెప్పండి."

తేల్చి చెబుతానని మాట ఇచ్చాను. పెట్టె నోరు విప్పిన క్షణంలోనే జవాబులో సగం నాకు తెలిసిపోయింది. మిగతా సగానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మొదటి సగం, మూడేళ్ల కిందట నేను రాయకుండా వదిలేసిన ఒక పేజీకి సంబంధించినది.

ఎర్రయ్య మరపడవ సరంగు. ఇరవై రెండేళ్లు పడవ నడిపాడు. నలభై తొమ్మిదో ఏట పక్షవాతం వచ్చి, కుడి వైపుతో పాటు మాట కూడా పడిపోయింది. అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, నోటికి రాదు. పధ్నాలుగు నెలల తరవాత అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చారు. మెదడులో మాట పుట్టే చోట గోరంత లోహపు వల పరిచి, చెవి వెనక రూపాయి బిళ్లంత బిళ్ల అమర్చాం. మాట అనాలని అతను ప్రయత్నించినప్పుడు పుట్టే సంకేతాన్ని వల పట్టుకుంటుంది, బిళ్ల పెట్టెకు పంపుతుంది, పెళ్లిళ్ల వీడియోల నుంచి కూర్చిన అతని గొంతుతో పెట్టె ఆ మాట పలుకుతుంది. ఎదుటివాళ్ల ప్రశ్నను కూడా పెట్టె ఒక చిన్న మైకుతో వింటుంది, ప్రశ్న తెలిస్తే జవాబును గుర్తుపట్టడం తేలిక కాబట్టి.

మా ప్రయోగశాలలో అతను పలికిన మొదటి మాట "నూకీ". భార్యను అతను పిలిచే పేరు అది. నూకరత్నం అప్పుడు గది బయట ఉంది. నర్సు వెళ్లి పిలుచుకొచ్చింది. వారం తిరిగేసరికి అతను వాక్యాలు అనడం నేర్చాడు. వల గురించి వివరిస్తున్న యువ డాక్టరును మధ్యలో ఆపి, "ఇన్నాళ్లు నాను సేపలకి ఏసినాను, ఇప్పుడు మీరు నా బుర్రకి ఏసినారు. ఏటి పడ్డాది?" అన్నాడు. ఆ నెలంతా గదిలో ఎవరు ఎవరిని ఏం అడిగినా ముందు "ఏటి పడ్డాది?" అనేవాళ్లు.

ఏ ఇద్దరి సంకేతాలూ ఒకలా ఉండవు. అందువల్ల ప్రతి పెట్టెకూ ప్రత్యేకంగా ఆదేశాలు రాయాలి; ఆ పని జిల్లా ఆస్పత్రుల్లోని టెక్నీషియన్లది. వాళ్ల కోసం నా సహచరుడు గేదెల సింహాద్రి తెలుగు మాటలతోనే ఒక చిన్న కంప్యూటర్ భాష తయారుచేశాడు. దాని పేరు నుడి. విను, పోల్చు, పలుకు, ఆగు: ఇలా ఉంటాయి అందులోని ఆదేశాలు. అన్నిటిలో మాకు ముఖ్యమైనది ఆగు. సంకేతం ఒక హద్దుకు తగ్గితే పెట్టె మాట్లాడకూడదు. తెలియనప్పుడు ఊరుకోవాలి. దాన్ని మాన్యువల్ మొదటి పేజీలోనే పెట్టాను. మాన్యువల్ రాసింది నేను.

మాన్యువల్‌లో యాభై ఏడు ఆదేశాలు ఉన్నాయి. నుడిలో యాభై ఎనిమిది ఉన్నాయి.

ఆ యాభై ఎనిమిదోది సింహాద్రి తన సౌకర్యం కోసం రాసుకున్నది. పెట్టెలోని మిగతా భాగాలను పరీక్షించడానికి ఒక రోగిని రోజంతా మంచం మీద పడుకోబెట్టలేం. అందుకని ఈ ఆదేశం గడిచిన రోజుల రికార్డును తీసుకుని, అడిగిన ప్రశ్నకు ఆ మనిషి ఇంతకు ముందు ఏ జవాబు ఎక్కువసార్లు ఇచ్చాడో చూసి, ఇప్పుడు సంకేతం వచ్చినట్టే ఆ జవాబు పలికిస్తుంది. దానికి ఒక అంకె ఇవ్వాలి: ఈ పూట మనిషి నుంచి నూటికి ఎంత రావాలి అని. యాభై ఇస్తే సగం మనిషి, సగం రికార్డు. సున్నా ఇస్తే మనిషి అక్కర్లేదు. నిన్నటి పెరుగు ఒక చెంచా ఇవాళ్టి పాలలో వేయడం గుర్తొచ్చి దానికి తోడు అని పేరు పెట్టానని సింహాద్రి చెప్పాడు.

2044 ఆగస్టులో మాన్యువల్ చివరి ప్రూఫు నా బల్ల మీద ఉంది. పెట్టెలు ఆస్పత్రులకు పంపడానికి రెండు రోజులే గడువు. తోడును తీసేయమని సింహాద్రితో అన్నాను. ప్రతి ఉదయం ఆన్ చేయగానే పెట్టె తనను తాను పరీక్షించుకునేది దానితోనే కాబట్టి తీయడం కుదరదన్నాడు. తీస్తే అంతా మళ్లీ కట్టి మళ్లీ పరీక్షించాలి, రెండు నెలల పని. అయితే మాన్యువల్‌లో రాస్తానన్నాను.

"రాస్తే వాడతారండి" అన్నాడు. "వాడ్డం మొదలెట్టారంటే రేపు మనం దాన్ని మార్చలేం, పీకలేం. రాయకపోతే మనిష్టం. ఉన్నా లేనట్టే."

పావుగంట ఆలోచించాను. అతను చెప్పింది అబద్ధం కాదు. భాషలు తయారుచేసేవాళ్లందరూ చేసేదే అది: తమ పనిముట్లు లోపల ఉంచుకుంటారు, హామీ ఇవ్వదలచుకోనివాటిని పుస్తకంలోకి రానివ్వరు. మాన్యువల్‌లోని ప్రతి వాక్యం ఒక హామీ. తోడు విషయంలో నేను హామీ ఇవ్వదలచుకోలేదు. మూడో దారి ఒకటి ఉందని ఆ పావుగంటలో నాకు తోచలేదు. ఇలాంటిది ఒకటి ఉంది, వాడకూడదు, ఎందుకంటే, అని రాయవచ్చు. ఆ "ఎందుకంటే" తరవాత ఏం రావాలో కూర్చుని ఆలోచించి ఉంటే, దీపం సంగతి కూడా గుర్తొచ్చి ఉండేది. పెట్టె వింటున్నప్పుడు పచ్చ దీపం వెలుగుతుంది, చార్జి అవుతున్నప్పుడు పసుపు. తోడు నడుస్తున్నప్పుడు ఏ దీపమూ వెలగదు. ప్రయోగశాలలో దాన్ని ఎవరు ఆన్ చేశారో మాకు తెలుసు. ఎవరికి చెప్పడానికి దీపం?

212వ పేజీ ఖాళీగా మిగిలింది. ఏం వేయాలని ప్రెస్ వాళ్లు అడిగితే ఏమీ వద్దన్నాను.

ఎర్రయ్య పెట్టెను చూసుకునే టెక్నీషియన్ గొర్లె తవిటినాయుడు. శ్రీకాకుళం వైపు మనిషి, నలభై ఆరేళ్లు, అంతకు ముందు రేడియోలు బాగుచేసేవాడు. ఏ యంత్రమైనా చేతికి వస్తే మాన్యువల్ కంటే ముందు దాన్ని విప్పి, లోపల ఏముందో మొత్తం చూడడం అతని పద్ధతి. పెట్టె ఉదయంపూట నడిపే పరీక్ష ఆదేశాలను కూడా అలాగే వరస వరసా చదివాడు. పుస్తకంలో లేని మాట కనిపించింది. బల్ల మీద పెట్టి ప్రయత్నించి, అంకె ఏం చేస్తుందో గ్రహించి, నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తోటి టెక్నీషియన్ల ఫోన్ గ్రూపులో కూడా పెట్టాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. చేసినవాళ్లకు తెలియకుండా ఉంటుందా అనుకున్నారు. ఆ మాట ఉందని మాకు తెలుసు కూడా.

జూన్ 5న అతన్ని పిలిపించాను. నోటుపుస్తకంతో సహా వచ్చాడు, ఏదీ దాచలేదు.

జనవరిలో ఎర్రయ్య పెట్టె మాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. నూకరత్నం అతని దగ్గరికి వెళ్లింది. పెట్టె తరచుగా ఆగుతుంటే రోగిని స్కాన్‌కి పంపాలని 140వ పేజీలో ఉంది. కానీ చెమ్మకు కూడా పెట్టె ఆగుతుంది, తీగ వదులైనా ఆగుతుంది, స్కాన్‌కి వంతు రావడానికి మూడు వారాలు. అతను తోడు పెట్టి ముప్పై అంకె ఇచ్చాడు. పెట్టె మాట్లాడింది. మార్చిలో మళ్లీ ఆగింది, పదికి తగ్గించాడు. ఏప్రిల్ చివర మళ్లీ ఆగితే సున్నా చేశాడు. ఆ తరవాత అది ఒక్కసారి కూడా ఆగలేదు.

"నానేటి తప్పు సేసినానో సెప్పండి మేడమ్" అన్నాడు. "ఆవిడ వొచ్చి నా ముందర కూకుని ఏడుత్తాది. ఆ మాట ఎట్టినాను, ఏడుపు ఆగిపోనాది. వాడకూడదని ఎక్కడా రాసి లేదు గదా."

ఎక్కడా రాసి లేదు. నేను తల ఊపాను.

ఆ నాలుగైదు నెలలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో తరవాత నూకరత్నం మాటల్లోనే కొంచెం కొంచెంగా తెలిసింది. ఏ ఇంట్లోనైనా రోజూ అడిగే ప్రశ్నలు పది పన్నెండుకు మించవు. టీ పెట్టనా, కూరేం వండను, పడవలు వెళ్లాయా, కాలు నొప్పిగా ఉందా. అన్నిటికీ జవాబు వచ్చేది. కాలు నొప్పిగా ఉందా అంటే "లేదు" అనేది పెట్టె. ఆ "లేదు" కిందటి సంవత్సరానిది. మార్చి నెలలో కూతురు ఒకసారి, నాన్న ఎకసెక్కాలాడడం మానేశాడని అంది. జబ్బు మనిషిని పట్టుకుని అవేం మాటలని తల్లి కసురుకుంది. ఇంట్లో అసలు సంగతి గమనించింది ఆ పిల్ల ఒక్కతే: కొత్త మాట ఒక్కటి కూడా రావడం లేదు.

మే నెలలో అతను మంచం మీంచి పడిపోయాడు. స్కాన్ తీస్తే మెదడులో నీరు చేరి వలను, వల కింద ఉన్నదాన్నీ నొక్కుతోందని తేలింది. జనవరిలోనే తెచ్చి ఉంటే సన్నటి గొట్టంతో నీరు తీసేసేవాళ్లమని శస్త్రవైద్యుడు చెప్పాడు. ఇప్పుడు కపాలం తెరవాలి. అంటే, జనవరి నుంచి పెట్టె ఆగుతూ చెబుతున్నది అదే. మేము ఎంతో జాగ్రత్తగా మొదటి పేజీలో పెట్టుకున్న మౌనం సరిగ్గానే పనిచేసింది. దాని మీద మేమే రాసిన ఇంకో మాట వచ్చి కూర్చుంది.

మాట్లాడగల రోగి సమ్మతి లేకుండా అలాంటి శస్త్రచికిత్స చేయకూడదు. మే 21, మంగళవారం, ఉదయం పదకొండు ఇరవైకి డాక్టరు ఎర్రయ్య మంచం దగ్గరికి వచ్చి, ఆపరేషన్ చేయమంటారా అని అడిగాడు. నూకరత్నం అప్పుడు వరండాలో మరిదికి ఫోన్ చేస్తోంది. "ఊఁ, కానీండి" అంది పెట్టె. సముద్రంలో వల దించేటప్పుడు సరంగు అనే మాట అది. ఇంట్లో వడ్డించనా అన్నా, తలుపు వేయనా అన్నా ఎర్రయ్య అదే అనేవాడు. రికార్డులో అలాంటి ప్రశ్నలకు ఆ జవాబు నాలుగు వందల సార్లకు పైగా ఉంది. నర్సు వరండాలోకి వచ్చి, మీ ఆయన ఒప్పుకున్నాడమ్మా అంది. నూకరత్నం సంతకం పెట్టింది. అదే రోజు ఆపరేషన్ చేశారు. మూడో రోజున అతను పోయాడు.

కాబట్టి "కానీండి" అన్నది ఎర్రయ్య కాదు. అది తవిటినాయుడి నోటుపుస్తకంలో సున్నా చూసిన పూటే తేలింది. కానీ నూకరత్నం అడిగిన దానికి అది పూర్తి జవాబు కాదని నాకు అనిపించింది. ఆయన అనలేదు సరే. మరి ఆయన ఏమన్నాడు?

చెవి వెనక బిళ్లను ఆస్పత్రి వాళ్లు తీసి మాకు అప్పగించారు. అది తనకు అందిన సంకేతాలన్నిటినీ అరవై రోజుల పాటు దాచుతుంది, హద్దుకు తగ్గినవాటిని కూడా. సున్నా పెట్టాక పెట్టె వాటిని వాడుకోలేదు, అంతే. నీటి ఒత్తిడి కింద నలిగిన ఆ సంకేతాలు చాలా సన్నగా ఉన్నాయి. వాటిని విడదీసే పని సింహాద్రి ఇంకెవరికీ ఇవ్వలేదు. నాలుగు నెలలు దాదాపు ఎవరితోనూ మాట్లాడకుండా చేశాడు. సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. పదకొండు ఇరవై నుంచి పదకొండు ముప్పై రెండు వరకు ఒకే ఆకృతి ఏడుసార్లు వచ్చింది. వేరే ఏదీ లేదు. అతని పాత రికార్డు మొత్తంతో పోల్చితే, డెబ్బయి ఒక్క శాతం సరిపోయింది ఒకే ఒక్క మాటతో. మా ప్రయోగశాలలో అతను పలికిన మొదటి మాటతో.

ఆ వారమే, నూకరత్నానికి పంపడానికి మా సంస్థ న్యాయ సలహాదారు తయారుచేసిన జవాబు కూడా నా దగ్గరికి వచ్చింది. పరికరం నిబంధనల ప్రకారమే పనిచేసిందనీ, మాన్యువల్‌లో లేని ఆదేశాన్ని వాడడం టెక్నీషియన్ సొంత నిర్ణయమనీ, అతనిపై చర్య తీసుకుంటామనీ ఉంది. మాన్యువల్ రచయిత్రిగా నేను సంతకం చేయాలి. చేయలేదు. ఆ పేజీ ఖాళీగా వదిలింది నేనని, ఎందుకు వదిలానో కూడా వివరంగా రాసి పంపాను. తవిటినాయుడి ఉద్యోగం నిలిచింది.

సింహాద్రి మాత్రం నూకరత్నానికి సగమే చెబుదామన్నాడు. పెట్టె అన్నదని చెబుదాం, ఆ ఏడుసార్ల సంగతి వద్దు అన్నాడు.

"డెబ్బయి ఒకటికి మనం పేపరు కూడా రాయం మేడమ్. ఆవిడ నెత్తిన ఎందుకు పెట్టడం?"

ఆ అభ్యంతరాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ఏం రాయాలో, ఏం రాయకూడదో ఆమె తరఫున మనం ఒకసారి నిర్ణయించాం గదా అని మాత్రం అన్నాను. మర్నాడు అతను నాతో పాటు బయల్దేరాడు.

అక్టోబరు మొదటి వారం. ఉదయం ఎనిమిది. నూకరత్నం ఇంటి ముందు ఇసుకలో పట్టా పరిచి కవళ్ల చేపలు ఎండబెడుతోంది. మాకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది, తాను మాత్రం పని ఆపలేదు. నేను వరసగా చెప్పాను: తోడు అంటే ఏమిటి, అది ఎందుకు ఉంది, మాన్యువల్‌లో ఎందుకు లేదు, జనవరిలో మౌనం ఏం చెప్పింది, మే 21న ఎవరు పలికారు. చేపలను ఒక్కొక్కటిగా తిరగేస్తూ వింది.

"అయితే ఆయన అనలేదు" అంది.

"అనలేదమ్మా."

"ఒద్దన్నాడా?"

వద్దని కూడా అనలేదని చెప్పాను. ఏడుసార్లు ఒకే మాట అన్నాడనీ, అది ఆమె పేరనీ చెప్పాను. ఖాయంగా చెప్పలేమనీ, నూటికి డెబ్బయి ఒకటి పాళ్లు మాత్రమే అనీ కూడా చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"తుపాను కబురు కన్నా ఎక్కువే గదా" అంది. "అరవై అన్నా పడవలు ఆపేత్తాం."

కాకులు పట్టా మీద వాలుతున్నాయి. ఆమె తోలలేదు.

"నాను వరండాలో ఉన్నాను మేడమ్. తలుపుకి ఇవతలే."

సింహాద్రి కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. తరవాత ఆమె లోపలికి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చి అతని చేతికిచ్చింది. ఆ తోడు అన్న మాట తీసేసి పెట్టె తిరిగి ఇచ్చేయమంది. పెట్టెను పూర్తిగా ఆపేయమంటారా అని అడిగాడు. అక్కర్లేదు, ఆ ఒక్క మాటా తీసేస్తే చాలు అంది.

ఆ ఆదేశం తీయడం పది నిమిషాల పని. ఆ ఒక్క పెట్టెకూ ఉదయపు పరీక్ష మానిపించాడు. రెండు నెలల పని అంటూ మేం వాయిదా వేసింది, ఒక్క పెట్టె వరకు, పది నిమిషాలే. నూకరత్నం పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆన్ చేసింది. పచ్చ దీపం వెలిగింది.

"టీ పెట్టమన్నావా?"

పెట్టె వింటోంది. ఏమీ అనలేదు. ఆమె చాలాసేపు ఆగింది, నేను గడియారం చూడలేదు. తరవాత పెట్టెను ఆపి, బియ్యంలోకి దించి, మూత బిగించింది. మేం వచ్చేస్తుంటే, మీరు టీ తాగి వెళ్లండి అంది. తాగాం.

నుడి మాన్యువల్ రెండో కూర్పు 2048లో వచ్చింది. తోడు అప్పటికి ఎన్నో ఆస్పత్రుల్లో వాడుకలో ఉన్నందువల్ల తీయడానికి వీలుపడలేదు. 212వ పేజీలో దాన్ని పూర్తిగా వివరించాం, అది నడుస్తున్నంతసేపూ పెట్టె మీద ఎర్ర దీపం వెలిగేలా చేశాం. పదకొండేళ్ల తరవాత, 2059లో, వాడుకలో ఉన్న రెండు వేల ఆరు వందల పెట్టెలను తనిఖీ చేశారు. వాటిలో పధ్నాలుగు వందల ముప్పై పెట్టెల మీద, ఇంట్లోవాళ్లు ఆ ఎర్ర దీపానికి నల్ల టేపు అంటించి ఉంచారు.